కాగితం వెనకవైపు

ఆ మంగళవారం పొద్దున ఆకాశం గంజి వార్చిన గిన్నె అడుగులా ఉంది. మబ్బు హార్బర్ నీళ్ళదాకా దిగింది. అవతలి గట్టున కొండలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వాన పడటం లేదు గాని బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి కావ్యశ్రీ జాకెట్ చేతుల మీద సన్నటి తడి పేరుకుంది. భూగోళం దక్షిణపు కొసనున్న డునెడిన్‌లో జూలై అంటే నడి చలికాలం, ఇంతే. ఎనిమిదవుతున్నా వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

ఒకప్పుడు ఉన్ని బేళ్ళు నిలవచేసిన ఇటుక గోదాము అది. పై అంతస్తు ఒక చిన్న ట్రస్టుది. సోవియట్ రోజుల్లో ప్రభుత్వానికి గిట్టని బొమ్మలు గీసినవాళ్ళ కాగితాలు అక్కడ దాచారు. జైళ్ళలో, పిచ్చాసుపత్రుల్లో, వంటగదుల్లో చాటుగా గీసినవి. దేశం వదిలి వచ్చినవాళ్ళ పెట్టెల్లో, కోటు లోపలి గుడ్డల్లో ఈ ఊరు చేరినవి. వాటిని శుభ్రం చేసి, ఫొటోలు తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి యూనివర్సిటీలో డిగ్రీ చదివే పిల్లలు వస్తుంటారు. ఈ చలికాలం ఇద్దరూ తెలుగువాళ్ళే. కావ్యశ్రీది రెండో ఏడు, మనీష్‌ది మూడో ఏడు.

పొడవాటి బల్లలు రెండు. ట్రస్టు నడిపే హెలెన్ ఆ పొద్దున క్రైస్ట్‌చర్చ్ వెళ్తూ శుభ్రం చేసే బల్ల మనీష్‌కి, కెమెరా బల్ల కావ్యశ్రీకి అప్పగించింది. ఆవిడ కారు వీధి మలుపు తిరగకముందే మనీష్ అన్నాడు, బల్లలు మార్చుకుందామని. అతనికి కెమెరా పిచ్చి. పైగా అతని అరచేతులు ఊరికే చెమర్చుతాయి.

"చేతులు కడిగినవా?" అన్నాడు మనీష్, కెమెరా కింద దీపాలు సర్దుతూ. "నిన్న నువ్వు ముట్టిన బొమ్మల డబ్బా నుంచి పులిహోర వాసనొచ్చింది. రష్యా బొమ్మకు పులిహోర వాసనేందని హెలెన్ అడిగితే నేనేం చెప్పాలె?"

"కడిగాన్లే. నీ కెమెరా నువ్వు చూసుకో."

"కోపం జూడు. నిన్ను రికమెండ్ చేసిన బామ్మకు చెప్తా."

నీనా బామ్మ. ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో ఉంటుంది. అక్కడే కావ్యశ్రీ తల్లి మంగాదేవి కేర్‌గివర్. తన కాగితాల పెట్టె ట్రస్టుకి ఇచ్చినప్పుడు నీనా ఒకే మాట అందిట. మంగ కూతురు చదువుకుంటోంది కదా, ఆ పిల్ల చేతులూ తగలనివ్వండి అని. శుభ్రం చెయ్యడానికి ఆ పెట్టె ఇవాళే తెరిచారు.

లోపల పన్నెండు కాగితాలు. మందుల షాపుల్లో పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం. పిచ్చాసుపత్రిలో బంధించిన ఆర్కాది లుగొవోయ్ అనే ఆయన గీసినవి. కొన్ని పెన్సిల్‌తో, కొన్ని గాయాలకి పూసే ఆకుపచ్చ మందుతో. మంచం కోడు. చెంచా. కిటికీ ఊచ మీద వాలబోయి వాలని పిట్ట. ఒక దాంట్లో చెయ్యి మాత్రమే ఉంది. ఆడమనిషి చెయ్యి, మణికట్టు దాకా మడిచిన కోటు చెయ్యి, వేళ్ళ మధ్య సన్నగా ఏదో. వచ్చే నెల ప్రదర్శనకి పోస్టరు మీద వెయ్యబోయేది ఆ బొమ్మే. హెలెన్ దానికి పేరు కూడా పెట్టింది, "పెన్సిల్ అందించిన చెయ్యి" అని.

కావ్యశ్రీ ఒక్కో కాగితాన్నీ బోర్లా తిప్పి, మెత్తటి స్పాంజితో మధ్య నుంచి అంచులకి తుడిచింది. స్పాంజి నల్లబడితే ఆ ముక్క కోసి పడేసి కొత్త వైపు తీసుకుంది. బొమ్మ వైపు ముట్టుకోకూడదు. వెనకవైపు దుమ్ము, మరకలు తియ్యాలి. అనుమానం వస్తే అడగండి అని చెప్పింది హెలెన్.

కావ్యశ్రీకి అనుమానం రాలేదు. ప్రతి కాగితం వెనకా కింది మూలన పెన్సిల్‌తో చిన్న చిన్న అంకెలు. ఒకదాని కింద ఒకటి, మధ్యలో కామాలు, అడుగున గీత. రఫ్ వర్క్. బాపట్ల కాన్వెంటులో ఎనిమిదో తరగతి దాకా ఆమె చదివిన ప్రతి లెక్కల నోటుబుక్కులోనూ కుడివైపు అంచున అలాంటివే ఉండేవి. లెక్క అయ్యాక వాటిని చెరిపెయ్యాలి. చెరపకపోతే నీట్‌నెస్‌కి ఉన్న అయిదు మార్కులూ పోయేవి. టీచరు ఆ పేజీని ఎత్తి క్లాసంతటికీ చూపించేది. పొట్లం కాగితం మీద మందుల షాపువాడు వేసుకున్న లెక్క అనుకుంది కావ్యశ్రీ. తెల్ల రబ్బరు తీసుకుంది. కాగితం చిరగకుండా ఎడమచేతి రెండు వేళ్ళతో పక్కలు నొక్కి పట్టుకుని, ఒకే దిక్కుగా, మెల్లగా రుద్దింది. పొడిని బ్రష్షుతో ఊడ్చి చిన్న డబ్బాలో వేసింది.

సాయంత్రం అయిదింటికి పదకొండు పూర్తయ్యాయి. మనీష్ వచ్చి ఒక కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"మస్తు చేసినవ్. కొత్త కాగితం లెక్క ఉంది."

పన్నెండోది మర్నాటికి వదిలేసింది. అమ్మకి చూపిద్దామని దాన్ని రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి మంగాదేవి యూనిఫాం విప్పలేదు. స్టవ్ ముందు నిలబడి క్యాలీఫ్లవర్ వేపుడు కలుపుతోంది. బూట్లు మాత్రం గుమ్మం దగ్గరే విడిచి, సాక్సుల మీద నిలబడింది. పాదాలు బరువెక్కిన రోజు అలా ఒక కాలు మార్చి ఒక కాలి మీద నిలబడుతుంది. తండ్రి రాజారావు ఇన్వర్‌కార్గిల్ వైపు పాల ట్యాంకర్ నడుపుతాడు. శనివారానికిగాని రాడు.

"మీ బామ్మగారు అడిగింది ఇవాళ," అంది మంగాదేవి. "మీ పిల్ల నా పెట్టె తెరిచిందా అని. తెరిచినరోజు చెప్పమంది. ఏంటో ఆవిడ ఆత్రం. రెండు రోజుల్నించి కాళ్ళు బాగా వాచినయ్. గుండె నీళ్ళు తోడటం లేదంట."

"ఇవాళే తెరిచాం. ఇదుగో చూడు."

మంగాదేవి గరిటె పక్కన పెట్టి, తడి చెయ్యి యూనిఫాంకి తుడుచుకుని, ఫోను అందుకుంది. పిట్ట బొమ్మ చూసి నవ్వింది. వేలితో పక్కకి తోసింది. వెనకవైపు ఫొటో వచ్చింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. నవ్వు ఆగిపోయింది.

"ఎవరికే ఇంత జ్వరం?"

"జ్వరమేంటి?"

"ఇదీ. ముప్ఫై ఏడు పాయింటు రెండు. ముప్ఫై తొమ్మిది పాయింటు ఒకటి. నలభై పాయింటు మూడు."

"లెక్కలమ్మా అవి. షాపువాడు వేసుకున్నాడు. మధ్యలో కామాలు చూడు."

"మనం చుక్క పెడతాం, వాళ్ళు కామా పెడతారు. నీనా గారు కూడా అంతే. ఆవిడ తన బరువు రాసుకునే కాయితం నేను రోజూ చూస్తాను." మంగాదేవి ఫోను ఇంకా దగ్గరికి తీసుకుంది. "ఏం లెక్కలే? నేను పూటకి పదహారు మందికి రాస్తాను, నాకు తెలీదా? పక్కన చూడు టైము. ఆరు. పది. రెండు. మళ్ళీ ఆరు. నాలుగ్గంటలకోసారి చూశారు. పాపం ఎవరోగాని, నలభై దాటినాక, అంటే మన లెక్కలో నూట నాలుగు, రెండు పూటలు దిగలేదు." ఒక్క క్షణం ఆగి అంది. "ఈ తొమ్మిది చూడు, తోక లోపలికి తిప్పింది. ఇది నీనా గారి చేతిరాతే."

స్టవ్ మీద వేపుడు అడుగంటుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ కదల్లేదు.

"మిగతావి కూడా ఉన్నాయా ఇట్టాంటివి?" అంది మంగాదేవి.

కావ్యశ్రీ కూతురి గొంతుతో కాకుండా, టీచరు ముందు నిలబడ్డ పిల్ల గొంతుతో "లేవు" అంది.

*

బుధవారం హెలెన్ వచ్చేసింది. కావ్యశ్రీ బస్సులో మాటలు కూర్చుకుంది. మొదటి వాక్యం, రెండో వాక్యం. మెట్లెక్కేటప్పుడు మళ్ళీ ఒకసారి అనుకుంది. పై అంతస్తుకి వచ్చి తలుపు తోసేసరికి అద్దాల గది తలుపు మూసి ఉంది. లోపల హెలెన్ ఎదురుగా మనీష్ కూర్చున్నాడు. బల్ల మీద పదకొండు కాగితాలు బోర్లా పరిచి ఉన్నాయి. వాటి పక్కన హెలెన్ ఫోను. పెట్టె తీసుకున్న రోజు ఆవిడ తీసిన ఫొటోలు రెండు మూడు అందులో ఉన్నాయి, రాత ఉందని తప్ప ఏం రాసి ఉందో తెలియనంత మసగ్గా. కాగితాల వెనకవైపువి.

పని చిట్టాలో "శుభ్రం చేసినవారు" అన్న గడి వారం కిందటే హెలెన్ టైపు చేసి పెట్టింది. ప్రతి వరసలోనూ మనీష్ పేరు. బల్లలు మార్చుకున్నప్పుడు ఆ చిట్టా సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అద్దంలోంచి మాటలు వినపడవు. మనీష్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. వాటి కేసి తనే చూసుకుంటున్నాడు. హెలెన్ ఏదో అడిగింది. అతను తలెత్తాడు. అద్దం అవతల నిలబడ్డ కావ్యశ్రీని చూశాడు. మళ్ళీ చేతులు చూసుకున్నాడు. తరవాత తల మెల్లగా అడ్డంగా ఊపాడు. కాదు అనడం కాదు, చెప్పడానికి ఏమీ లేదు అనడం.

బయటికి వచ్చి కెమెరా గది తాళంచెవి మెడలోంచి తీసి, తాడు చుట్టి బల్ల మీద పెట్టాడు. హెలెన్ వెనకే వచ్చింది. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కోపం వస్తే స్వెటర్ చేతులు వేళ్ళదాకా లాక్కుంటుంది.

"కావ్యా, ఒక పొరపాటు జరిగింది. కాగితాల వెనక ఉన్న రాత పోయింది. మనీష్ ఇక కాగితాలు ముట్టుకోడు. నువ్వు ఇవాళ్టి నుంచి రెండు బల్లలూ చూసుకోగలవా? నీ చేతులు జాగ్రత్తైనవి."

బస్సులో కూర్చుకున్న మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది. అందులో మొదటి మాట "నేను".

"సరే," అంది కావ్యశ్రీ.

ఆ మాట తనదేనా అన్నట్టు ఒక క్షణం అక్కడే నిలబడింది. హెలెన్ అప్పటికే గదిలోకి వెళ్ళిపోయింది.

మనీష్ మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఒకటి కట్టి, విప్పి, మళ్ళీ కట్టాడు.

"ఎందుకు చెప్పలేదు?" అంది కావ్యశ్రీ.

"నువ్వు చెప్తవనుకున్న."

"నువ్వు చెప్పాల్సింది. నేను కాదు, ఆమె అని."

"బల్లలు మార్చుదామన్నది నేను. గా మాట నా నోటి నుంచి వస్తే నిన్ను ఇరికించినట్టుంటది." అతను తలెత్తలేదు. "అద్దంలకెళ్ళి చూసిన నిన్ను. ఇగ లోపలికొస్తది, ఇగ వస్తది అనుకున్న."

"వెల్లింగ్టన్ సంగతి?"

వెల్లింగ్టన్‌లో పాత ఫిల్ములు కాపాడే చోట వేసవికి ఒక సీటు ఉంది. హెలెన్ ఉత్తరం ఇస్తానంది. మనీష్ రెండు నెలలుగా ఆ సంగతే చెప్తున్నాడు.

"అది గూడ పాయె," అన్నాడు మనీష్. లేచి, ప్యాంటు దులుపుకుని, మెట్లు దిగాడు. కింది తలుపు తెరుచుకుని మూసుకుంది. చల్లగాలి ఒకటి పైదాకా వచ్చింది.

మధ్యాహ్నమంతా కావ్యశ్రీ కెమెరా బల్ల దగ్గర నిలబడింది. కాగితం పెట్టడం, దీపాలు సరిచెయ్యడం, మీట నొక్కడం. చెరిపేసిన పదకొండింటి వెనకవైపులూ వరసగా ఫొటో తీసింది. పదకొండు ఫొటోల్లోనూ ఏమీ లేదు. గోధుమరంగు కాగితం, మడతల గీతలు. అంత శుభ్రంగా ఆ గోదాములో మరే కాగితమూ లేదు.

*

గురువారం తలుపు తీసేవేళకి కావ్యశ్రీ మెట్ల మీద కూర్చుని ఉంది. హెలెన్ గొడుగు దులిపి తాళం తీస్తుండగానే చెప్పింది. తలుపు సగం తెరుచుకుని ఉంది, హెలెన్ చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది.

"అన్నీ నువ్వే?"

"పదకొండూ. అవి నీనా బామ్మ రాసిన జ్వరాల లెక్కలని మా అమ్మ చెప్పింది."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

  హెలెన్ లోపలికి వెళ్ళి, చిట్టా తీసి, పదకొండు చోట్ల ఒక పేరు మీద గీత గీసి పక్కన ఇంకో పేరు రాసింది. తొందరపడకుండా, ఒక్కోటీ విడివిడిగా రాసింది. రాస్తున్నంతసేపూ కావ్యశ్రీ నిలబడే ఉంది.

"వెల్లింగ్టన్ వాళ్ళకి నిన్న సాయంత్రమే రాసేశాను," అంది హెలెన్. "ఇతన్ని పంపలేనని. ఇవాళ మళ్ళీ రాస్తాను. కానీ వాళ్ళు రాత్రికి రాత్రే ఇంకొకరికి సీటు ఇచ్చారు. పొద్దునే మెయిల్ వచ్చింది."

పదిగంటలకి మనీష్ వచ్చాడు. హెలెన్ అతనికి క్షమాపణ చెప్పింది. అతను "పరవాలేదు" అని ఇంగ్లీషులో అన్నాడు. కావ్యశ్రీ వైపు చూడలేదు.

గది కిటికీలకి నల్లగుడ్డలు దించారు. కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, ఒక దీపాన్ని బల్లకి సమానంగా కిందికి దించాడు మనీష్. వెలుతురు పక్క నుంచి కాగితం మీద పాకితే, రాసినప్పుడు పడిన నొక్కుడు గుంటలు నీడలుగా కనపడతాయి. మొదటి కాగితం. దీపం కుడికి, ఎడమకి, ఇంకా కిందికి. మడతలు కొండల్లా లేచాయి. మూలన ఏమీ లేదు. రెండోది. మూడోదాంట్లో నాలుగు ఉంది, దాని పక్కన సున్నా. మనీష్ ఊపిరి బిగబట్టి ఫొటో తీశాడు. సాయంత్రానికి మూడు కాగితాల మీద కొన్ని అంకెలు దొరికాయి. ఎనిమిదింటి మీద ఏమీ దొరకలేదు.

"చాటుగా రాసేవాళ్ళు గట్టిగా నొక్కి రాయరు," అంది హెలెన్, కళ్ళద్దాలు తీసి ముక్కు మీద గుంటలు రుద్దుకుంటూ. "మోకాలి మీద పెట్టుకుని, గాలికి రాసినట్టు రాసుంటుంది."

దీపం ఆర్పుతూ మనీష్ తెలుగులో అన్నాడు, అడగకుండానే.

"పొడి ఏం చేసినవ్?"

"ఏ పొడి?"

"రబ్బరు పొడి."

"డబ్బాలో వేశాను. మంగళవారమే చెత్త తీసుకెళ్ళారు."

అతను తల ఊపాడు. అంతే మాట్లాడాడు ఆ రోజు.

పెట్టె ఇచ్చినామెకి ట్రస్టు తరఫున ఉత్తరం రాస్తానంది హెలెన్. నేనే వెళ్ళి చెప్తానంది కావ్యశ్రీ. హెలెన్ ఒప్పుకుంది. వెళ్ళేముందు ఒక కాగితం చేతికిచ్చింది. ప్రదర్శనలో గోడకి పెట్టే పరిచయం, చిత్తుప్రతి. "ఆవిడకి చూపించు. కొంచెం ఊరటగా ఉంటుంది. ఆవిడ గురించే."

*

శుక్రవారం వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం భోజనానికి ఇంకా అరగంట ఉంది. నడవంతా ఉడికిన గుమ్మడికాయ వాసన. నీనా గది చివర్న. కిటికీ పక్కన కుర్చీ, కాళ్ళు పీట మీద, మీద నీలం దుప్పటి. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ముఖం చిన్నదైపోయి, చేతులు మాత్రం అలాగే మిగిలాయి. పెద్ద చేతులు.

మంగాదేవి ఆమె చంక కింద థర్మామీటర్ పెట్టి, అది కూతకూసేదాకా మణికట్టు పట్టుకుని నిలబడింది. తీసి చూసి, యూనిఫాం జేబులోంచి పెన్ను తీసి, తలుపు వెనక చార్టులో రాసింది. ముప్ఫై ఆరు పాయింటు నాలుగు. నీనా ఆ పెన్ను కదలడం చివరిదాకా చూసింది.

"పిల్ల వచ్చింది," అంది మంగాదేవి తన ఇంగ్లీషులో. "మీకు ఏదో చెప్పాలంట."

కావ్యశ్రీ పీట పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీ ఉంది గాని కూర్చోలేదు. చెప్పింది. ఈసారి మాటలు కూర్చుకోలేదు. షాపువాడి లెక్క అనుకున్నానని, స్కూల్లో అలా నేర్చుకున్నానని, ఎవర్నీ అడగలేదని.  కిటికీ అవతల ఒక సీగల్ కారు మీద నిలబడి ఒక కాలు మడిచింది.

"ఎలాంటి రబ్బరు?" అంది నీనా చివరికి.

"తెల్లది."

"గట్టిగా రుద్దావా?"

"లేదు. మెల్లగా."

"మెల్లగానే పోయాయా?"

"అవును."

నీనా తల వెనక్కి ఆన్చి కళ్ళు మూసుకుంది. ఆమె ఊపిరిలో ఒక చిన్న గరగర ఉంది. మంగాదేవి అడుగు ముందుకు వేసింది. నీనా చెయ్యి ఎత్తి వద్దంది.

"మూడు కాగితాల మీద కొన్ని దొరికాయి," అంది కావ్యశ్రీ. "పన్నెండోది అలాగే ఉంది. మీకు గుర్తున్నవి చెప్తే, మిగతావి నేను..."

"గుర్తులేవు."

"ఒకటి రెండైనా."

"గుర్తు పెట్టుకోనక్కర్లేదనే రాసుకున్నాను, అమ్మాయీ. రాశాక వదిలేశాను. యాభై ఏళ్ళు కాగితమే మోసింది."

కావ్యశ్రీకి ఏం చెయ్యాలో తోచలేదు. చేతిలో ఉన్న ప్రదర్శన కాగితం ఇచ్చింది. నీనా భూతద్దం తీసుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో వరసా చదివింది. ప్రాణాలకి తెగించి ఖైదీ చిత్రకారుడి బొమ్మలు బయటికి తెచ్చిన నర్సు అని ఉంది అందులో. ఆ చీకటి ఆసుపత్రిలో ఒకే ఒక్క దయగల చెయ్యి అని ఉంది. పక్కనే ఆ చెయ్యి బొమ్మ, చిన్నదిగా అచ్చేసి.

నీనా భూతద్దాన్ని బొమ్మ మీదికి జరిపింది. చాలాసేపు అక్కడే ఉంచింది.

"ఇది పెన్సిల్ అని ఎవరు చెప్పారు?"

"హెలెన్. అందరం అలాగే అనుకున్నాం."

"నా చెయ్యే. పెన్సిల్ కాదు."

మంగాదేవి చార్టు తలుపుకి తగిలిస్తోంది. ఆగింది.

నీనా మాటల మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "మందు గంధకం. నూనెలో కలిపి ఇస్తారు. చలికాలం ఆ నూనె గడ్డకడుతుంది. సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేసేదాన్ని. సూది తేలిగ్గా దిగాలని." ఆమె రెండు చేతులూ దుప్పటి మీద దగ్గరికి వచ్చాయి, మధ్యలో ఏదో ఉన్నట్టు. "డాక్టర్ రాసిచ్చాడు. ఎక్కించింది నేను. పన్నెండు సార్లు. అతనికి జబ్బు ఏమీ లేదు. ఆ మందుకి పని ఒకటే. జ్వరం తెప్పించడం, కదల్లేకుండా చెయ్యడం. ఆసుపత్రి పుస్తకంలో ముప్ఫై ఏడు అని రాయమనేవాళ్ళు. రాసేదాన్ని. అసలు అంకె ఈ కాగితాల వెనక రాసేదాన్ని. జ్వరం దిగాక అదే కాగితం ఇచ్చి, గీసుకో అనేదాన్ని."

"మరి పెన్సిల్?" అంది కావ్యశ్రీ.

"అదీ నేనే ఇచ్చాను. బయటికి తెచ్చిందీ నేనే. అదీ నిజమే." ఆమె భూతద్దం దించింది. "ఎవరైనా ఎప్పుడో వెనక్కి తిప్పుతారు, చదువుతారు, నన్ను అడుగుతారు అనుకున్నాను. ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్ళు. అందరూ ముందువైపే చూసి కన్నీళ్ళు పెట్టుకుని, నా చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళారు. నా నోటితో నేను చెప్పలేకపోయాను. ఒక్కసారీ చెప్పలేకపోయాను. అందుకే పెట్టె ఇచ్చాను. మంగ పిల్ల జాగ్రత్తగా చూస్తుంది అనుకున్నాను."



"ఇప్పుడు నువ్వు నన్ను శుభ్రం చేసేశావు," అంది నీనా. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని కావ్యశ్రీకి అనిపించింది. "ఇక నేను ఈ కాగితంలో రాసిన మనిషినే."

కావ్యశ్రీ ముఖం దించుకుంది. దుప్పటి అంచు మీద నీలం దారం ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్నే చూస్తూ, మొన్న అద్దం ఇవతల నిలబడి తను అన్న "సరే" గుర్తొచ్చింది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో గుర్తొచ్చింది.

"చెప్పండి," అంది. "నేను రాస్తాను. మీరు సంతకం పెట్టండి. ఇది గోడకి పెట్టేదాకా హెలెన్‌ని వదలను."

నీనా ఆమెని చూసింది. తరవాత ప్రదర్శన కాగితాన్ని వెనక్కి తిప్పి, తెల్లటి వైపు పైకి ఉండేలా ఆమె చేతిలో పెట్టింది.

కావ్యశ్రీ జాకెట్ జేబులో చెయ్యి పెట్టింది. గోదాములో పెన్నులు నిషేధం, జేబులో ఎప్పుడూ పెన్సిలే ఉంటుంది. దాన్ని బయటికి తీసింది.

"పెన్సిల్ వద్దు," అంది నీనా.

ఇద్దరూ మంగాదేవి వైపు తిరిగారు. ఆమె తలుపు దగ్గరే ఉంది. మూడేళ్ళుగా రోజూ ఆ ముసలి ఒళ్ళు తుడిచి, ఆ జుట్టు దువ్వి, ఆ పాదాలకి నూనె రాసిన మనిషి. ఇప్పుడు ఆ పెద్ద చేతుల్ని కొత్తగా చూస్తోంది. వెంటనే కదల్లేదు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, వచ్చి కూతురికి ఇచ్చింది.

నీనా చెప్పింది చాలా కొంచెం. పేరు, ఊరు, ఏడు. మందు పేరు. పన్నెండు అన్న అంకె. ఎక్కించింది నేనే అన్న మాట. కావ్యశ్రీ ఆమె చెప్పిన వరసలోనే రాసింది, ఏదీ సర్దలేదు. కింద ఇంకో వాక్యం తన తరఫున రాసింది. కాగితాల వెనక ఉన్న అంకెల్ని నేను చెరిపేశాను అని, తన పూర్తి పేరుతో. నీనా సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. చివరి అక్షరం కాగితం అంచు దాటి దుప్పటి మీద పడింది.

వంటగది నుంచి ట్రే వచ్చింది. గుమ్మడికాయ సూపు, వెన్న రాసిన రొట్టె. మంగాదేవి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, తన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. పెరుగన్నం. ఈ మధ్య నీనా అదొక్కటే తింటోంది. ఉండలు లేకుండా మెత్తగా పిసికి, మిరియాలు వెయ్యకుండా తెస్తుంది. ఇక్కడ పనిచేసేవాళ్ళు గదుల్లో కూర్చుని తినకూడదని నియమం ఉంది. మంగాదేవి అల్మారాలోంచి మూడు గిన్నెలు తీసింది. డబ్బాలో ఉన్నది మూడు భాగాలు చేసింది. కుర్చీ లాక్కుని నీనా పక్కన కూర్చుంది.

రోజూ తనే తినిపిస్తుంది. ఇవాళ చెంచా ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. అన్నం మీద నుంచి ఒక పెరుగు బొట్టు గిన్నెలోకి జారింది. నీనా నోరు తెరవలేదు, చెయ్యీ చాపలేదు. ఎదురుచూసింది.

మంగాదేవి ఎడమ అరచెయ్యి ఆమె గడ్డం కింద పట్టి, చెంచా నోటికి అందించింది.

తరవాత తను ఒక ముద్ద తింది. కావ్యశ్రీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చునే తింది. పెరుగు చల్లగా, కొంచెం పుల్లగా ఉంది. కిటికీ గట్టు మీద సూపు మీగడ కట్టింది. అన్నం అయిపోయేదాకా గిన్నెలకి చెంచాలు తగులుతూనే ఉన్నాయి.